కారులో ఇరుక్కున్నవారిని వెంటనే లాగేయాలా? కట్టర్ వచ్చేదాకా ఆగాలా? మొగిలి, భాకరాపేట ఘాట్‌లలో అసలు సమస్య ఇదే

2024 సెప్టెంబర్ 13న చిత్తూరు–బెంగళూరు హైవేపై మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సును లారీ ఢీకొంది. కనీసం ఏడుగురు చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. అంతకు రెండేళ్ల ముందు, 2022 మార్చి 26 రాత్రి, ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయల్దేరిన బస్సు మదనపల్లె–తిరుపతి రోడ్డులో భాకరాపేట ఘాట్ దగ్గర లోయలో పడింది. కనీసం ఎనిమిది మంది మరణించారు, నలభై మందికి పైగా గాయపడ్డారు. చీకట్లో తాళ్లు పట్టుకుని లోయలోకి దిగి, గాయపడ్డవారిని ఒక్కొక్కరిగా పైకి చేర్చారు.

ఈ రెండు పెద్ద ప్రమాదాలు కాబట్టి గుర్తున్నాయి. ఇద్దరు, ముగ్గురు చనిపోయే కారు ప్రమాదాలు మన జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్తలుగా వచ్చి పోతుంటాయి. వాటిలో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: 'క్యాబిన్‌లో ఇరుక్కుపోయిన డ్రైవర్‌ను గంటల తరబడి శ్రమించి బయటకు తీశారు'. అలా 'శ్రమించిన' సమయంలో ఏం జరిగింది, ఎవరు ఎలా తీశారు, మెడ ఎవరైనా పట్టుకున్నారా, లోపలున్న మనిషికి అప్పటికే ఎంత రక్తం పోయింది అన్నది మాత్రం వార్తలో ఉండదు.

బాధితుడు తర్వాత నడవగలడా లేదా, అసలు బతుకుతాడా లేదా అన్నది చాలాసార్లు ఆ వాక్యంలోనే తేలిపోతుంది.

మెడకు అంత భయం ఎందుకు?

మెడలో ఏడు పూసలుంటాయి. వాటి మధ్యలోంచి వెన్నుపాము దిగుతుంది. మెదడు నుంచి చేతులకు, కాళ్లకు, ఊపిరికి వెళ్లే ఆదేశాలన్నీ ఆ దారిలోనే వెళ్లాలి. మూడు, నాలుగు, ఐదో మెడపూసల దగ్గర బయల్దేరే నరమే ఊపిరి తీసుకునే ప్రధాన కండరాన్ని నడిపిస్తుంది. ఆ నరం మూలాలకు పైన వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. దానికి కింద దెబ్బతింటే ప్రాణం నిలబడొచ్చు కానీ చేతులు, కాళ్లు చచ్చుబడొచ్చు.

ప్రమాదంలో పూస విరిగినంత మాత్రాన వెన్నుపాము తెగినట్టు కాదు. విరిగిన పూస కదలకుండా ఉన్నంతసేపూ లోపలి నరాలు బాగానే ఉండొచ్చు. ఆ తర్వాత చంకల కింద చేతులు వేసి ఇద్దరు, కాళ్లు పట్టుకుని ఇద్దరు లాగినప్పుడు తల వేలాడితే ఆ పూస పక్కకు జరగొచ్చు. ఆటోలో కూర్చోబెట్టి పది కిలోమీటర్లు గుంతల్లో తీసుకెళ్లినా అంతే. ప్రమాదం చేయని గాయాన్ని మన సాయం చేసే అవకాశం ఉందన్న భయం అందుకే వచ్చింది.

ఆ భయంలో నిజం ఉంది. అలాగని కథ అక్కడితో అయిపోలేదు.

ఏళ్ల తరబడి నేర్పిందేంటి, ఇప్పుడు ఏం మారింది?

ప్రపంచవ్యాప్తంగా రెస్క్యూ సిబ్బందికి దశాబ్దాలుగా నేర్పిన పద్ధతి ఒకటుంది. కారులో మెడ గాయం అనుమానం ఉంటే మనిషిని కదిలించకూడదు. కారునే అతడి చుట్టూ నుంచి తొలగించాలి. తలుపులు తీసి, పిల్లర్లు కోసి, రూఫ్ ఎత్తేసి, మెడకు కాలర్ వేసి, పొడవాటి బోర్డు మీదకు జార్చి బయటకు తేవాలి. వెన్ను మిల్లీమీటరు కూడా కదలకూడదన్నది లక్ష్యం.

బ్రిటన్ వైద్యులు ఈ పద్ధతిని లెక్కల్లో పెట్టి చూశారు. ఆ దేశపు ట్రామా రిజిస్ట్రీ నుంచి రోడ్డు ప్రమాద బాధితుల వివరాలు తీసి 2021లో ప్రచురించారు. వాహనంలో ఇరుక్కుపోయినవారిలో 8.9 శాతం మంది చనిపోతే, ఇరుక్కోనివారిలో 5 శాతం మంది చనిపోయారు. ఇరుక్కున్నవారికి గాయాలు కూడా ఎక్కువే కాబట్టి తేడా మొత్తం ఆలస్యం వల్లే అనలేం. ఆ పరిశోధనలో ఇంకో అంకె ఆలోచింపజేస్తుంది: వెన్నుపాము గాయం కనిపించింది సుమారు 0.7 శాతం మందిలో. నూటికి ఒక్కరు కూడా కాదు. ఛాతీలో, పొట్టలో, కటి ఎముకల దగ్గర రక్తస్రావంతో ప్రాణం మీదకు తెచ్చుకున్నవారు అంతకంటే చాలా ఎక్కువ.

అదే బృందం వాలంటీర్లకు సెన్సర్లు తగిలించి, కారులోంచి రకరకాలుగా బయటకు తీసి, మెడ ఎంత కదిలిందో కొలిచింది. రూఫ్ కోసి బోర్డు మీద తీసినప్పటికంటే, స్పృహలో ఉన్న మనిషి తనంతట తానే నెమ్మదిగా దిగినప్పుడే మెడ తక్కువ కదిలింది. మెడకు దెబ్బ తగిలిన మనిషి నొప్పి వైపు కదలడు. కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. పక్కనున్న నలుగురి చేతుల్లో ఆ జాగ్రత్త ఉండదు.

ఈ ఫలితాలతో బ్రిటన్‌లో మార్గదర్శకాలు మారాయి. ఎలా తీస్తే వెన్ను అస్సలు కదలదు అన్న ప్రశ్న వెనక్కి వెళ్లింది. ఎంత తొందరగా తీయగలం, ఆ తొందరలో మెడను ఎంత కాపాడగలం అన్నది ముందుకొచ్చింది. స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకుని, కనీసం ఒక కాలి మీద నిలబడగలిగితే, అతడిని తనంతట తాను దిగమని అడగడమే ఇప్పుడు అక్కడ మొదటి ఎంపిక.

మరి మన రోడ్డు మీద దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? 'మెడ పట్టించుకోవాల్సిన పని లేదు, లాగేయండి' అని చదువుకుంటే తప్పు చదివినట్టే. అక్కడ తేలింది తొందరగా లాగమని కాదు, అనవసరంగా ఆలస్యం చేయొద్దని. మన దగ్గర సమస్య రెండు వైపులా ఉంది. కదిలే మనిషిని తొందరపడి లాగేస్తున్నారు. నిజంగా ఇరుక్కున్న మనిషి దగ్గరకు యంత్రం తొందరగా రావడం లేదు.

'ఇరుక్కున్నారు' అన్న ఒక్క మాట

ప్రమాదం చూసినవారు సాధారణంగా 108కి ఫోన్ చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైన ఈ సేవ జనానికి అలవాటైన నంబర్. అంబులెన్స్ వస్తుంది. కానీ 108 వాహనంలో ఆక్సిజన్, కాలర్, స్ట్రెచర్ ఉంటాయి తప్ప, కారు పిల్లర్ కోసే హైడ్రాలిక్ యంత్రం సాధారణంగా ఉండదు. ఆ పని అగ్నిమాపక శాఖది. మన రాష్ట్రంలో దాని పూర్తి పేరే విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. నంబర్ 101. హైవే మీద క్రేన్, పెట్రోలింగ్ వాహనం కావాలంటే ఎన్‌హెచ్‌ఏఐ హెల్ప్‌లైన్ 1033. పోలీసు, ఫైర్, అంబులెన్స్ అన్నింటికీ కలిపి 112.

నాలుగు నంబర్లున్నాయి. వాటి వెనక నాలుగు వేర్వేరు వ్యవస్థలున్నాయి. అంబులెన్స్ వచ్చాక టెక్నీషియన్ చూసి 'ఇది మావల్ల కాదు, ఫైర్ వాళ్లను పిలవండి' అంటే గడియారం మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. మొగిలి ఘాట్ పలమనేరుకు, చిత్తూరుకు మధ్యలో ఉంది. ఏ ఊరి నుంచి బండి బయల్దేరినా మలుపుల్లో, అప్పటికే ఆగిపోయిన లారీల వరుసలో దారి చేసుకుని రావాలి. భాకరాపేట ఘాట్‌కు తిరుపతి నుంచి రావాలన్నా అదే తంతు. రెండో ఫోన్ పావుగంట ఆలస్యమైతే ఆ పావుగంటను ఎక్కడా తిరిగి రాబట్టుకోలేరు.

అందుకే ఫోన్‌లో మొదటి వాక్యమే ఇలా ఉండాలి: 'యాక్సిడెంట్ అయింది, లోపల ఇద్దరు ఇరుక్కుపోయారు, బయటకు రావడం లేదు.' ప్రమాదం జరిగిందనడం వేరు, ఇరుక్కున్నారనడం వేరు. రెండోది వింటే ఏ బండి పంపాలో అవతలివాళ్లకు తెలుస్తుంది. పక్కనున్న ఇంకొకరితో అదే సమయంలో 101కి చేయించండి. హైవే పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి మీద అంకె చూసి చెబితే, 'మొగిలి దాటాక మలుపు' అన్నదానికంటే వంద రెట్లు నయం. ఏ వైపు రోడ్డో కూడా చెప్పాలి. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే వైపా, వచ్చే వైపా అన్నది తెలియక డివైడర్‌కు అటువైపు వచ్చి ఆగిన బండి, యూటర్న్ కోసం కిలోమీటర్లు పోవాల్సి వస్తుంది.

బండి వచ్చేలోపు

ముందు మీరు రెండో ప్రమాదానికి గురికాకూడదు. ఘాట్ మలుపులో ఆగిన వాహనాన్ని వెనక వచ్చే లారీ గుద్దేయడం కొత్తేమీ కాదు. మలుపుకు బాగా ముందే ఒకరిని నిలబెట్టి, సెల్‌ఫోన్ లైటో ఎర్ర గుడ్డో ఊపించాలి. కారు ఇంజిన్ ఆపాలి, హ్యాండ్ బ్రేక్ వేయాలి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. వాలులో ఉన్న బండి లోపలి మనిషిని కదిలించినప్పుడు జారుతుంది. పెట్రోల్ వాసన వస్తుంటే బీడీ, సిగరెట్ ఎవరి చేతిలోనూ ఉండకూడదు. ఇది చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాం. ప్రమాద స్థలంలో గుంపును ఒకసారి గమనిస్తే ఉందని తెలుస్తుంది.

గాయపడ్డ మనిషి దగ్గరకు ఎదురుగా వెళ్లండి. పక్క నుంచో వెనక నుంచో పిలిస్తే అతడు తల తిప్పుతాడు. 'అన్నా, తల కదపొద్దు, అవును కాదు అని కూడా తల ఊపొద్దు, నోటితోనే చెప్పు' అనాలి. మనవాళ్లకు అవునన్నా కాదన్నా తల ఊపే అలవాటు ఎంత ఉందో తెలిసిందే కదా. ఆ తర్వాత ఇంకొకరు వెనక సీటులోకి వెళ్లి, రెండు అరచేతులతో తలను రెండు వైపులా పట్టుకోవాలి. చెవులు పూర్తిగా మూయకూడదు, మీ మాట అతడికి వినిపించాలి. మోచేతులు సీటుకు ఆనించుకుంటే పది నిమిషాలైనా పట్టుకోగలరు. తల ఒక పక్కకు వాలి ఉంటే నెమ్మదిగా నిటారుకు తేవచ్చు. నొప్పి పెరిగినా, ఏదో అడ్డుపడినట్టు అనిపించినా అక్కడే ఆపి, ఉన్నది ఉన్నట్టు పట్టుకోవాలి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, అది మెడకంటే పెద్దది. స్పృహ లేని మనిషి గడ్డం ఛాతీకి ఆని ఉంటే గొంతు మూసుకుపోతుంది. మెడ కదుపుతామేమోనని అలాగే వదిలేస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది. తలను నిటారుకు తెచ్చి, దవడను ముందుకు నెట్టి గాలి ఆడేలా చేయాలి. అప్పటికీ ఊపిరి లేకపోతే మనిషిని బయటకు తీయాల్సిందే. మంట కనిపించినా, బండి లోయలోకి జారుతున్నా, నీళ్లలో మునుగుతున్నా అంతే. 2022 డిసెంబర్ 30 తెల్లవారుజామున క్రికెటర్ రిషభ్ పంత్ కారు రూర్కీ దగ్గర డివైడర్‌ను ఢీకొట్టినప్పుడు, అటుగా వచ్చిన బస్సు డ్రైవర్, కండక్టర్ ఆయన్ను కారు నుంచి దూరంగా చేర్చారు. కారు కాలిపోయింది. అలాంటప్పుడు కాలర్ కోసం ఆగమని ఏ డాక్టరూ చెప్పరు. ఒకరు తల, భుజాలు కలిపి పట్టుకుని, మిగతావారు నడుము, కాళ్లు ఒకేసారి ఎత్తి, శరీరం ఒకే గీతలో ఉండేలా తీయగలిగితే చాలు.

మంట లేదు, మాట్లాడుతున్నాడు, కాళ్లు ఆడుతున్నాయి, మెడ నొప్పి లేదు, వేళ్లలో తిమ్మిరి లేదు అంటే అతడిని మీరు లాగొద్దు. తలుపు తెరిచి, తొందర లేకుండా తానే దిగమనండి. దిగాక నడిపించకుండా అక్కడే పడుకోబెట్టండి. నీళ్లు తాగించకండి. వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడమూ కష్టమవుతుంది. తిమ్మిరి ఉందన్నా, వేళ్లు కదలడం లేదన్నా, స్పృహ లేకపోయినా తల పట్టుకుని ఆగాలి. రక్తం చిమ్ముతున్న చోట గుడ్డతో గట్టిగా అదిమిపెట్టడం మాత్రం ఆపకూడదు.

కారు తలకిందులై మనిషి సీటు బెల్టుకు వేలాడుతుంటే బెల్టు గబుక్కున విప్పొద్దు. బరువంతా మెడ మీద పడుతుంది. ముందు భుజాల కింద ఇద్దరు ఆసరా పెట్టాక విప్పాలి.

చాలాసార్లు కోయాల్సిన అవసరమే ఉండదు. కాళ్లు డ్యాష్‌బోర్డు కింద నొక్కుకుని ఉన్నప్పుడు, సీటు కింద లివర్ ఎత్తి సీటును వెనక్కి జరిపితే విడుదలయ్యే సందర్భాలున్నాయి. తల పట్టుకున్నవాడు సీటుతోపాటే వెనక్కి రావాలి. కరెంటు మీద నడిచే సీటు, కిటికీ అద్దాలు ఉంటే బ్యాటరీ తీగ తీయకముందే ఆ పని చేయాలి.

కట్టర్ వచ్చాక ఏం జరుగుతుంది?

హైడ్రాలిక్ రెస్క్యూ పరికరాలను అమెరికాలో జార్జ్ హర్స్ట్ అనే ఇంజనీర్ 1960ల మొదట్లో రేసు కార్ల కోసం తయారు చేశాడు. రేసులో గుద్దుకున్న కారు నుంచి డ్రైవర్‌ను తీయడానికి పట్టే సమయం తగ్గించాలన్నది ఉద్దేశం. ఇప్పటికీ పనిచేసే సూత్రం అదే. అధిక ఒత్తిడిలో నూనె పంపి, ఉక్కు దవడలను తెరిపించడం, మూయించడం. తెరిచేదాన్ని స్ప్రెడర్ అంటారు, అది తలుపును కీలు దగ్గర నుంచి ఊడదీస్తుంది. కోసేది కట్టర్. డ్యాష్‌బోర్డును, స్టీరింగ్‌ను ముందుకు నెట్టే పొడవాటి జాకీలాంటిది ర్యామ్. లారీ క్యాబిన్ నలిగి స్టీరింగ్ తొడల మీద దిగినప్పుడు ప్రాణం పోసేది ఈ ర్యామే.

మంచి శిక్షణ ఉన్న బృందం రాగానే కోతకు దిగదు. ముందు చెక్క దిమ్మెలు పెట్టి కారును కదలకుండా చేస్తుంది. అద్దాలు తీస్తుంది, లోపలి మనిషి మీద దుప్పటి కప్పి గాజు పడకుండా చూస్తుంది. బ్యాటరీ నెగెటివ్ తీగ తీస్తుంది. పేలని ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ఎవరూ తల పెట్టరు. కిటికీల పైన తెరలా విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్‌లకు రూఫ్ అంచులో చిన్న గ్యాస్ సిలిండర్ ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి అది ఎక్కడుందో చూడకుండా పిల్లర్ కోస్తే కట్టర్ నేరుగా సిలిండర్ మీద పడుతుంది. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకూడదు. సీఎన్‌జీ కారులో డిక్కీ వైపు జాగ్రత్త.

ఇది లేనప్పుడు మన దగ్గర వాడేవి గడ్డపార, క్రేన్, జేసీబీ, గ్యాస్ కట్టర్. పక్క ఊరి వెల్డింగ్ షాపు నుంచి గ్యాస్ కట్టర్ తెచ్చి డ్రైవర్‌ను కాపాడినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. వేరే దారి లేనప్పుడు వాళ్లే దిక్కు. కానీ అది నిప్పు. డీజిల్ కారిన చోట, మనిషికి జానెడు దూరంలో ఇనుము ఎర్రగా కాగుతుంది. నీళ్ల పైపు సిద్ధంగా పట్టుకుని ఒకరు నిలబడకుండా దాన్ని వెలిగించకూడదు. లారీకి గొలుసు కట్టి ఇంకో లారీతో క్యాబిన్ లాగడం అంతకంటే ప్రమాదం. ఇనుము ఎటు వంగుతుందో లాగేవాడికి కనపడదు. లోపలి మనిషి కాలు ఎటు ఉందో అసలే కనపడదు.

కార్లు మారడం వల్ల మరో చిక్కు వచ్చింది. 2023 అక్టోబర్ 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ స్టార్ రేటింగ్ అమల్లోకి వచ్చాక కార్ల కంపెనీలు బాడీ బలాన్నే ప్రచారం చేసుకుంటున్నాయి. తలుపుల మధ్య ఉండే పిల్లర్‌లో అతి దృఢమైన ఉక్కు వాడుతున్నారు. లోపలివారిని కాపాడేది అదే. ప్రమాదం తర్వాత కట్టర్‌ను మొరాయించేలా చేసేదీ అదే. పాత మారుతిని కోసిన కట్టర్ కొత్త ఎస్‌యూవీ పిల్లర్ దగ్గర ఆగిపోవచ్చు. కాబట్టి 'మా దగ్గర కట్టర్ ఉంది' అన్న సమాధానం సరిపోదు. ఏ సంవత్సరం కట్టర్, ఏ సామర్థ్యం, చివరిసారి ఎప్పుడు వాడారు అని అడగాలి.

ఏ ఆస్పత్రికి?

మెడ గాయం అనుమానం ఉంటే సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న చోటికి చేరాలి. తిరుపతి వైపు ప్రమాదాలకు రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వైపు జిల్లా ఆస్పత్రి తర్వాత చాలామంది చూపు వెల్లూరు సీఎంసీ వైపే. 2022లో రాణిపేట దగ్గర మొదలైన సీఎంసీ కొత్త క్యాంపస్‌లో లెవెల్ 1 ట్రామా సెంటర్ ఉంది. అయితే రక్తం ఆగని మనిషిని రాష్ట్ర సరిహద్దు దాకా నేరుగా తీసుకెళ్లాలని పట్టుబట్టకండి. దగ్గరి ఆస్పత్రిలో రక్తస్రావం ఆపించి, ఆ తర్వాత కదిలించడమా అన్నది అంబులెన్స్ టెక్నీషియన్ నిర్ణయానికి వదిలేయాలి.

డబ్బు గురించి ఆగాల్సిన పని లేదు. కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల్లోపు లక్షన్నర రూపాయల వరకు చికిత్స అందాలి. సాయం చేసినవారిని పోలీసులు వేధిస్తారన్న భయమూ పాతదే. 2016 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబద్ధత ఇచ్చింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 134ఏ చేరింది. సదుద్దేశంతో సాయం చేసినప్పుడు, నిర్లక్ష్యం వల్ల గాయం పెరిగినా, ప్రాణం పోయినా సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. 'నేను తల పట్టుకున్నాక ఏమైనా అయితే?' అని వెనకాడేవారికి ఇదే జవాబు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. తీవ్రంగా గాయపడ్డవారిని సమయానికి ఆస్పత్రికి చేర్చినవారికి ఇచ్చే ప్రోత్సాహకాన్ని 2025లో 'రాహ్‌వీర్' పేరుతో 25 వేల రూపాయలకు పెంచారు.

ఎక్స్‌ప్రెస్‌వే వస్తోంది

బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా మీదుగా పోతుంది. 120 కిలోమీటర్ల వేగానికి రూపొందించిన రోడ్డు అది. ఆ వేగంలో ఢీకొన్న కారులో మనుషులు ఇరుక్కునే అవకాశం ఎక్కువ. పైగా అది అన్ని వైపులా కంచె ఉన్న రోడ్డు. మొగిలిలో జరిగినట్టు పక్క ఊరి జనం, టీ కొట్టు దగ్గరి లారీ డ్రైవర్లు పరుగెత్తుకు రావడం అక్కడ కష్టం. ఇన్నాళ్లూ మన దగ్గర మొదటి అరగంట రెస్క్యూ అంటే ఆ జనమే. వాళ్లు రాలేని రోడ్డు కట్టినప్పుడు, వాళ్ల బదులు ఎవరు వస్తారో రోడ్డు తెరవకముందే తేల్చాలి. టోల్ ప్లాజా దగ్గర క్రేన్ ఉందంటే సరిపోదు. క్రేన్ రోడ్డును ఖాళీ చేయడానికి, కట్టర్ మనిషిని తీయడానికి. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం మన ప్రణాళికల్లో పాత లోపమని నా అభిప్రాయం.

తిరుమల ఘాట్‌లలో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. ఎదురెదురుగా ఢీకొనే ముప్పును అక్కడ రోడ్డు ఏర్పాటే తగ్గించింది. మొగిలి, భాకరాపేటల్లో ఆ వెసులుబాటు లేదు. కనీసం ఘాట్‌కు రెండు వైపులా ఉన్న టీ కొట్ల యజమానులకు, పెట్రోల్ బంకు సిబ్బందికి, లారీ అసోసియేషన్ల వారికి తల పట్టుకోవడం, తానే దిగనివ్వడం, ఒకే గీతలో ఎత్తడం అనే ఈ మూడు పనులు ఒక్క పూటలో నేర్పొచ్చు. స్పైన్ బోర్డు, కాలర్లు రెండు జతలు బంకు దగ్గర పెట్టొచ్చు. దీనికి కోట్లు అక్కర్లేదు.

ఇవన్నీ చర్చించాల్సిన వేదిక కూడా ఉంది. ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ సమావేశమవుతుంది. అక్కడ బ్లాక్ స్పాట్‌లు, హెల్మెట్లు, స్పీడ్ బ్రేకర్ల గురించి వింటుంటాం. కట్టర్ ఎన్ని నిమిషాల్లో చేరింది అన్న లెక్క వినడం అరుదు. ప్రతి ప్రాణాంతక ప్రమాదానికీ ఫోన్ వచ్చిన సమయం, అంబులెన్స్ చేరిన సమయం, ఫైర్ బండికి సమాచారం వెళ్లిన సమయం, మనిషి బయటకు వచ్చిన సమయం అనే నాలుగు సమయాలు వరుసగా రాస్తే, ఆలస్యం ఎక్కడ జరుగుతోందో మూడు నెలల్లో కనిపిస్తుంది.

చిత్తూరు లేదా తిరుపతి జిల్లా అగ్నిమాపక అధికారికి సమాచార హక్కు చట్టం కింద మీరే అడగొచ్చు. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు, సమాధానానికి గడువు 30 రోజులు. అడగాల్సినవి ఇవి: హైడ్రాలిక్ కట్టర్, స్ప్రెడర్, ర్యామ్ ఏయే స్టేషన్లలో ఉన్నాయి, ఏ సంవత్సరంలో కొన్నారు, గత ఏడాది రోడ్డు ప్రమాదాల్లో వాటిని ఎన్నిసార్లు వాడారు, 108కి 'ఇరుక్కున్నారు' అని ఫోన్ వస్తే ఆ సమాచారం ఫైర్ స్టేషన్‌కు ఎవరు, ఎలా చేరవేస్తారు.